చూసిన కన్ను, రాసిన చేయి

"పీకకే అక్కా! గోడ సున్నం గూడ ఊడొస్తది!"

అంబిక వినలేదు. తలుపు మీది చీటీ పీకింది. బియ్యం డబ్బా మీదిది పీకింది. నీళ్ల డ్రమ్ముకు తడిసి అతుక్కుపోయిన చీటీని గోటితో గీకింది. రాత్రంతా వార్డులో నిలబడి వచ్చిన మనిషి, ఒంటి మీద తెల్ల యూనిఫాం ఇంకా అట్లాగే ఉంది.

తలుపును జపాను వాళ్లు ఏమంటారు, బియ్యాన్ని ఏమంటారు, నీళ్లను ఏమంటారు అని చెల్లెలు మనీష రాసి ఇల్లంతా అతికించిన చీటీలవి. పెళ్లిపత్రికల దుకాణంలో మిగిలిపోయిన అట్టముక్కలు. ఒక పక్క బంగారురంగు వినాయకుడు, రెండో పక్క జపాను అక్షరం. అంబిక గుప్పిట్లో ఇప్పుడు ఇంటెడు వినాయకులు నలిగి ఉన్నారు.

"చింపవే, ఇంకింత చింపు. చింపితే నీకొస్తదా?" పొయ్యి దగ్గర నుంచి తల్లి బుగ్గమ్మ అంది.

"నాకు రాకున్నా మంచిదే. దానికి రావద్దు."

అనేశాక అంబికకే ఆ మాట ఎవరో అన్నట్టు వినబడింది. కానీ నోటి నుంచి జారిన మాటను ఎత్తి మళ్లీ నోట్లో పెట్టుకోలేం కదా.

అశోక్ నగర్‌లో హాస్టల్ వెనకాల ఒకటిన్నర గది ఆ ఇల్లు. ముందు హాస్టల్లో గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలకు చపాతీలు చేసి పెట్టడం బుగ్గమ్మ పని. గడపలో కూర్చొని తాపీకి అంటిన సిమెంటు గోకుతున్న మనిషి ఎంకయ్య. పాలమూరు నుంచి మూట కట్టుకొని వచ్చి ఈ పట్నంలో ఎన్ని గోడలు లేపాడో ఆయనకే లెక్క లేదు. ఇంట్లో ఇద్దరు కూతుళ్ల మధ్య లేచిన ఈ గోడ మాత్రం ఆయన కట్టింది కాదు.

"నిన్న నేనేం చేసిన అక్కా?" మనీష గొంతు సన్నగా ఉంది. "నువ్వు టిఫిన్ డబ్బా మర్చిపోతే ఇద్దామని క్లాసుకొచ్చిన. గంతే గద."

"గంతేనా? బోర్డు మీద రాసిందెవరు?"

"సెన్సే రాయమన్నది."

నారాయణగూడలో టిఫిన్ సెంటర్ పైన గదిలో జపాను భాష నేర్పే అరుంధతి గారిని పిల్లలంతా వాళ్ల పద్ధతిలో సెన్సే అంటారు. నిన్న ఆమె అంబికను బోర్డు దగ్గరకు పిలిచింది. "హోంవర్క్ ఎంత అందంగా చేస్తావమ్మా! ఒక్కసారి అందరికీ రాసి చూపించు" అంది ప్రేమగా.

అంబిక చాక్‌పీసు పట్టుకొని నిలబడింది. నిలబడే ఉంది. అక్షరం కంటి ముందు కనబడుతోంది, చేతిలోకి దిగడం లేదు.

ఎందుకు దిగుతుంది? నర్సింగు చదివిన రోజుల నుంచీ అలవాటే అది. రికార్డులన్నీ చెల్లెలే రాసేది. గుండె బొమ్మ, ఊపిరితిత్తుల బొమ్మ, అన్నీ మనీష చేతివే. తన రికార్డు తాను రాసుకున్న నర్సు ఆ కాలేజీలో ఇంకా పుట్టలేదు. ఒకరికి చెల్లెలు, ఒకరికి మేనకోడలు, ఎవరూ లేనిదానికి పక్కింటి పిల్ల. జపాను అక్షరాల కాగితాలు కూడా అట్లాగే చెల్లెలి ఒళ్లో పడ్డాయి. డ్యూటీ నుంచి వచ్చి అంబిక గోడకు ఆనుకొని చూసేది. మనీష రాసేది. రాసిన చేతికి వచ్చింది, చూసిన కంటికి రాలేదు.

"ఇది ఎవరి చేతిరాత?" అని సెన్సే అడిగినప్పుడు క్లాసంతా వాకిలి వైపు తిరిగింది. అక్కడ టిఫిన్ డబ్బా పట్టుకొని మనీష నిలబడి ఉంది.

దాని తరువాత సెన్సే తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. మనీష చేతికి చాక్‌పీసు ఇచ్చింది. అది రాస్తుంటే కళ్లార్పకుండా చూసింది. చివరికి, "ఆదివారం పరీక్షకు నువ్వూ రా" అంది.

జపానులో ముసలివాళ్ల ఆశ్రమం నడిపేవాళ్లు వస్తున్నారు. ఈ క్లాసు నుంచి తీసుకునేది ఒక్కరినే.

"అది నర్సే కాదు!" అంబిక అరిచింది. "డిగ్రీ రెండో సంవత్సరం పిల్ల. సూది పట్టుకునుడు వస్తదా దానికి?"

"ముసలోళ్లను చూసుకునేటందుకు నర్సు సదువే ఉండాల్నని లేదంట అక్కా. భాష వస్తే చాలు, కడమది వాళ్లే నేర్పుకుంటరంట. సెన్సేనే చెప్పింది."

"ఓహో! అన్నీ అడిగి తెలుసుకొనే వచ్చినవన్నట్టు."

"నేనడగలే. ఆమెనే..."

"ఆమెనే! నిన్ను అందరు వాళ్లంతట వాళ్లే పిలుస్తరు. నేనే అందరి కాళ్లు పట్టుకోవాలె. ఆ క్లాసు ఉన్నదని కనుక్కున్నదెవరు? పేషెంటు కొడుకును బతిమిలాడి నంబరు తీసుకున్నదెవరు?"

బుగ్గమ్మ పిండి చేతులు దులుపుకుంది. నవ్వుతూనే అంది. "ఎందుకే అంత లొల్లి? ముందొచ్చిన చెవులకన్నా ఎనుకొచ్చిన కొమ్ములు వాడి అని ఊకెనే అన్నరా?"

తల్లి నవ్వులాటకే అంది. కానీ ఆ కొమ్ము అంబిక పక్కటెముకల్లో దిగింది.

"నాయినా, నువ్వన్న చెప్పు."

ఎంకయ్య తాపీని వెలుతురుకు పట్టి చూసుకున్నాడు. "ఇద్దరు రాయుండ్రి. గోడ వంకరున్నదా సక్కగున్నదా అన్నది తూకం గుండు చెప్తది. మేస్త్రి తండ్రయినా చెప్పకూడదు."

తాపీ సంచిలో వేసుకొని పనికి వెళ్లిపోయాడు. బుగ్గమ్మ చపాతీలకు పోయింది. మనీష కింద పడ్డ వినాయకులను ఒక్కొక్కటే ఏరి, మడతలు విప్పి, చదును చేసి, పరుపు కింద పెట్టింది.

ఒక్క చీటీ మాత్రం అంబిక చేతికి చిక్కలేదు. అది ఆమె సంచిలోనే ఉంది, టిఫిన్ డబ్బా మూత మీద.

*

మధ్యాహ్నం దాకా పడుకున్నా నిద్ర పట్టలేదు. లేచి చిక్కడపల్లి నడిచింది. తన అట్టలు తానే తెచ్చుకొని, తన చేత్తోనే రాసుకోవాలని పట్టుదల.

దారి పొడుగునా దుకాణాల బోర్డులు. మొదటి రోజు సెన్సే చెప్పిన మాట గుర్తొచ్చింది. "మన చిక్కడపల్లి బోర్డులు చూడండి. తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి, ఉర్దూలో ఒకసారి. ఒక్క పేరే మూడుసార్లు. జపాను వాళ్లకూ మూడు లిపులున్నాయి. కానీ మూడుసార్లు రాయరు. ఒక్క లైన్లోనే మూడూ కలిసి కాపురం చేస్తాయి."

"మూడెందుకు సెన్సే? ఒక్కటుంటే సరిపోదా?" అని అడిగింది అప్పుడు అంబికే.

"ఇల్లన్నాక అందరూ ఉండాలి కదమ్మా. గుండ్రంగా మెత్తగా ఉండేది హిరగాన. ఇంటి ఆడపిల్ల. ఇంటి మాటలన్నీ ఆమెవే. కోసుగా, గీతలు గీతలుగా ఉండేది కటకాన. బయటి నుంచి వచ్చిన కోడలు. పరాయి దేశం మాటలూ, మన పేర్లూ ఆమె పాలు. ఇక కాంజి ఉన్నాడే, పెద్దమనిషి. చైనా నుంచి వచ్చి కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. ఒక్కో బొమ్మకు ఒక్కో అర్థం. ఒక ఇంట్లో తాత, ఇంకో ఇంట్లో మామ అన్నట్టు, చోటును బట్టి పిలుపు మారుతుంది."

క్లాసంతా నవ్వింది. "మరి కోడలు ఎప్పటికి ఇంటిదయితది సెన్సే?" అని ఇంకెవరో అడిగారు.

"ఎప్పటికీ కాదు. రొట్టె అనే మాట వందల ఏళ్ల కింద ఓడల మీద వచ్చింది వాళ్లకు. ఇప్పటికీ కటకానలోనే రాస్తారు."

ఆ రోజు అంబికకు అంతా భలే అర్థమైంది. అర్థమైతే వచ్చినట్టే అనుకుంది. అక్కడే దెబ్బ తిన్నది.

పెళ్లిపత్రికల దుకాణంలో జైపాల్ ఒక్కడే ఉన్నాడు. పత్రికలకు పసుపు బొట్టు పెడుతూ తలెత్తాడు. "రా అక్కా! మనీష రాలేదా?"

"నేనొచ్చిన గద. అట్టలియ్యి."

"మొన్ననే ఇచ్చిన గద సంచెడు?"

"అయిపోయినయి."

"అయిపోతయి మరి, అంత రాస్తది చెల్లె." అట్టలు వెతుకుతూనే వాగుతున్నాడు. "గా రోజు ఇక్కడ నిలబడి ఒక అక్షరం రాసి చూపించింది. మా సేటు చూసి, అరే, ఈ పిల్ల చేతిల ముత్యాలున్నయిరా, పత్రికల మీద పేర్లు రాపిద్దం అన్నడు. నిజంగ అక్కా, చేతిరాత అంటే గట్లుండాలె. నువ్వు గూడ రాస్తవా?"

అట్టలు ఆమె చేతిలో ఉన్నాయి. వాడి మొహాన కొట్టాలన్నంత కోపం వచ్చింది. పాపం, వాడు చేసిందేముంది? ఆకలిగా ఉన్నవాడి ముందు పక్కింటి విందు గురించి చెప్పాడు, అంతే.

చెల్లెలు పుట్టినప్పుడు అంబికకు కొన్నాళ్లు బడి మాన్పించి ఆ పిల్లను చంకనేశారు. తల్లి ఇసుక మోస్తుంటే ఇటుకల నీడలో కూర్చొని ఆడించింది. దానికి మొదటి అక్షరం దిద్దించింది కూడా తనే, ఇసుకలో, వేలు పట్టుకొని. ఆ వేలే ఇప్పుడు తన కంట్లో పొడుస్తోంది.

ఎన్నేళ్లుగానో ఆసుపత్రిలో ఆమెకు పేరు లేదు. సిస్టర్ అంటారు. సిస్టర్ నీళ్లు, సిస్టర్ బెడ్‌పాన్, సిస్టర్ ఇక్కడ నొప్పి. ఈ ఒక్క సీటు వస్తే, ఇది అంబిక సంపాదించింది అని ఇంట్లో వాళ్లంటారు. ఇంతకు మించి ఆమె ఏమీ కోరలేదు.

ఫోను మోగింది. సెన్సే.

"అంబికా, పరీక్ష ఆదివారం కాదమ్మా. రేపు పొద్దున్నే తొమ్మిదింటికి. వచ్చినవాళ్లు రేపే బెంగళూరు పోవాలట. నా దగ్గర మనీష నంబరు లేదు. దానికి కూడా నువ్వే చెప్పు."

"సరే సెన్సే. చెప్త."

ఆ మాట చెప్పేటప్పుడు నిజంగా చెబుదామనే అనుకుంది. చిక్కడపల్లి సందు దాటే వరకూ అట్లాగే అనుకుంది.

*

సాయంత్రం ఇంటికి పోయేసరికి మనీష టిఫిన్ డబ్బా తోమి, తుడిచి, అరలో పెడుతోంది.

"మూత మీది చీటీ తీయలే నేను" అంది, అక్క మొహం చూడకుండా. "అది నీ పేరు అక్కా. కటకానల. అంబిక అని."

అంబిక కొత్త అట్టలు నేల మీద పోసి కూర్చుంది. పెన్సిలు పట్టింది. గీత గీసింది. అది అక్షరంలా లేదు, విరిగిన పుల్లలా ఉంది.

మనీష కాసేపు దూరంగానే నిలబడింది. తరువాత వచ్చి పక్కన చతికిలబడింది. "అన్నీ ఒక్క రోజుల రావు గని, నీకు పనికొచ్చేది ఒక్కటి చెప్తనా? కాంజి. కష్టమనుకుంటవు గని, బొమ్మ తెలిస్తే మర్చిపోవు."

"ఏం బొమ్మ?"

"పైన చెయ్యి, కింద కన్ను. ఇగో, ఇట్ల." మనీష నొసటి మీద చేయి అడ్డం పెట్టుకొని చూసింది. "నాయిన పని నుంచి వస్తున్నడా అని అవ్వ ఎండల చూస్తది చూడు, గట్ల. దాని అర్థం గూడ చూసుకునుడే. నర్సు అని రాస్తే ముందు ఇదే వస్తది."

అంబికకు తెలియకుండానే నవ్వొచ్చింది. వార్డులో రోజూ ఆమె చేసేది అదే కదా. నొసటి మీద చేయి, మొహం మీద కన్ను.

"చెయ్యి ఇయ్యి." మనీష అక్క చేతిని తన చేతిలోకి తీసుకుంది. పెన్సిలు రెండు చేతుల మధ్య కదిలింది. "పైనుంచి కిందికి. ఎడమ నుంచి కుడికి. గీత ఎక్కడ మొదలైతదో అక్కడే మొదలుపెట్టాలె. తొందర పడకు."

ఒకసారి, ఇంకోసారి, ఇంకోసారి. చెల్లెలి అరచేయి వెచ్చగా ఉంది. అంబిక గొంతులోకి మాట వచ్చింది. మనూ, పరీక్ష రేపేనే.

అప్పుడే బుగ్గమ్మ హాస్టల్ నుంచి గిన్నె మూసి తెచ్చింది. హాస్టల్లో మిగిలిన గుడ్డు కూర. గుడ్డు ఒక్కటే ఉంది.

"చిన్నదానా, నువ్వు తిను. ఆదివారం పరీక్షాయె. మెదడుకు బలం" అని మనీష పళ్లెంలో వేసింది.

మనీష గుడ్డును రెండు ముక్కలు చేసి సగం అక్క పళ్లెంలో పెట్టింది. పచ్చసొన ఉన్న సగమే పెట్టింది.

ఆ సగం గుడ్డును చూస్తూ అంబిక గొంతులోని మాటను అన్నంతో పాటు మింగేసింది. దానం చేసే చేయి ఎప్పుడూ పైనే ఉంటుంది. తన చేయి ఎప్పుడూ కిందే.

"రేపు నాకు డే డ్యూటీ పడ్డది" అంది. "పొద్దుగాలనే పోవాలె."

*

నారాయణగూడ గదిలో కుర్చీలు ఎడమెడంగా వేసి ఉన్నాయి. ముందు బల్ల దగ్గర నెరిసిన జుట్టు జపాను ఆవిడ, చేతులు ఒళ్లో పెట్టుకొని, వచ్చిన ప్రతి ఒక్కరికీ లేచి వంగి నమస్కారం చేస్తోంది. కింద నుంచి ఇడ్లీ సాంబారు వాసన.

"మనీష ఏది?" సెన్సే అడిగింది.

"దానికి జ్వరం సెన్సే."

అబద్ధం ఎంత సులువుగా వచ్చింది! నిన్నటి నుంచి తిప్పుతున్న పెన్సిలు మాత్రం ఇంత సులువుగా కదల్లేదు.

"అయ్యో. మొన్న చూశాను కదా, మంచి చేయి దానిది" అని సెన్సే ఒక కాగితం వెనక్కి పెట్టేసింది. ఆ కాగితం వెనక్కి వెళ్తుంటే తనకు కలిగింది సంతోషమో భయమో అంబిక తేల్చుకోలేకపోయింది.

కాగితం పైన మొదటి గడి పేరుకు. కటకానలో రాయాలి. మొదటి అక్షరం రాసింది. రెండో దాని దగ్గర ఆగింది. గీత కింది నుంచి పైకా, పై నుంచి కిందికా? ఆ లిపిలో అన్నీ ఒక్క పోలికే, ఒక్క తల్లి పిల్లల్లాగ. తరువాత రాద్దామని వదిలేసి కిందికి దిగింది. కొన్ని వచ్చాయి, కొన్ని రాలేదు.

చివర్లో కాంజి. మీరు చేయబోయే పనికి సంబంధించి మీకు తెలిసిన అక్షరం ఒకటి రాయండి.

పెన్సిలు దానంతటదే కదిలింది. పైనుంచి కిందికి. ఎడమ నుంచి కుడికి. పైన చేయి, కింద కన్ను. కాగితం మీద ఆ ఒక్క అక్షరమే నిండుగా, తీరుగా, ఎవరో చేయి పట్టుకొని రాయించినట్టు నిలబడింది. అంబిక దాన్ని చూసుకుంది. నిజంగా ఎవరో చేయి పట్టుకొని రాయించిందే అది.

జపాను ఆవిడ వరసల మధ్య తిరుగుతూ వచ్చి ఆమె దగ్గర ఆగింది. ఆ అక్షరం చూసి, తల ఊపి, చిన్నగా నవ్వింది.

అప్పుడు వాకిట్లో చెప్పుల చప్పుడయింది.

చెమటతో తడిసిన మొహం, చేతిలో టిఫిన్ డబ్బా. మనీష. పొద్దున తొందరలో అంబిక డబ్బా అరలోనే మరిచిపోయింది. డ్యూటీ అంది కదా అని మనీష అక్క పనిచేసే ముషీరాబాదు దవాఖానకు పోయి ఉంటుంది. అక్కడ సిస్టర్‌కు ఇయ్యాల సెలవు అని చెప్పి ఉంటారు. ఇంకెక్కడ వెతకాలి? ఇక్కడికి వచ్చింది. వచ్చి చూస్తే, గదినిండా పరీక్ష.

మనీష చూపు బోర్డు మీదికి పోయింది. కాగితాల మీదికి పోయింది. అక్క మీదికి వచ్చింది. అంతా అర్థమయ్యే దాకా అక్కడే ఉండి, మెల్లగా నేల మీదికి వాలింది.

సెన్సే గబగబా దగ్గరకు పోయింది. "మనీషా! జ్వరమన్నది మీ అక్క. తగ్గిందా? కూర్చుంటావా? ఇంకా కొంచెం టైముంది." అంటూ నొసటి మీద చేయి పెట్టి కళ్లలోకి చూసింది.

అంబిక పెన్సిలు బిగించి పట్టుకుంది. చెల్లెలు చెప్పేస్తుంది. ఇప్పుడు చెప్పేస్తుంది. చెబితేనే బాగుండు.

"ఇంకా తగ్గలే సెన్సే" అంది మనీష. "తల తిరుగుతున్నది. అక్కకు డబ్బా ఇచ్చి పోదమని వచ్చిన."

"ఒళ్లు చల్లగానే ఉందే?"

"లోపల జ్వరం సెన్సే."

వరసల మధ్య నడిచి వచ్చింది. అక్క కళ్లలోకి చూడలేదు. డబ్బాను బల్ల మీద పెట్టింది. పెట్టి, మూతను కొంచెం తిప్పింది. అంతే. వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

ఎవరికైనా గుండె కరగాలి ఆ క్షణాన. అంబికకు మంటే పుట్టింది. ఇది కూడా అదే గెలిచింది. చేతిరాత గెలిచింది, సేటును గెలిచింది, తల్లి వేసిన గుడ్డు గెలిచింది. ఇప్పుడు ఒక్క అబద్ధం ఆడి మంచితనంలోనూ గెలిచి మెట్లు దిగిపోతోంది. తనకేం మిగిల్చింది?

కళ్లు దించింది.

మూత మీద వినాయకుడి అట్టముక్క. దాని మీద తన పేరు, కటకానలో, ముత్యాల్లాంటి అక్షరాల్లో, సరిగ్గా తన వైపే తిరిగి ఉంది. కాగితం పైన తన పేరు గడిలో ఒకే ఒక్క అక్షరం.

చూసి రాయడానికి ఎంతసేపు?

"ఇక చాలించాలి" అంది సెన్సే. ముందు వరస నుంచి జపాను ఆవిడ కాగితాలు తీసుకుంటూ వస్తోంది. కింద మెట్ల మీద చెప్పుల చప్పుడు చివరి మెట్టు దగ్గర ఆగింది. రోడ్డు మీదికి పోలేదు. అక్కడే ఆగింది.

అంబిక లేచి నిలబడింది. ఒక చేయి పెన్సిలు మీద, ఒక చేయి డబ్బా మీద.

"ఏమైంది అంబికా? పేరు రాయలేదేం?"